పడవు అన్న మాట

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. నీ కార్డు అందింది. రెండే వాక్యాలు! చదువుకున్న పిల్లవు, మాటల్లో ఇంత పిసినారితనం దేనికి? మొదటిది, బిస్కెట్లు పంపమని అమ్మకు చెప్పమన్నది, బాగానే ఉంది. రెండోది తప్పు. ‘పాపకు పల్లీలు పడవు’ అని రాశావు. ఎక్కడి నుంచి ఎక్కడికి పడవు? వంటికి సరిపోవు అని కదా నీ భావం. ‘పడవు’ కొట్టివేసి, పైన ఎర్ర సిరాతో ‘సరిపోవు’ అని దిద్ది, కార్డు మీ అమ్మకు ఇచ్చాను.

చలికాలపు సెలవులని ఆమెకు మూడు రోజులుగా చాక్లెట్ బిస్కెట్ల పనే. వేడినీళ్ల గిన్నె మీద చాక్లెట్ కరిగించడం, కోకో కలిపిన పిండిని వెన్నతో మర్దించడం, గ్లాసు అంచుతో గుండ్రంగా కోయడం. నేను ఇది రాస్తూంటే వంటింట్లోంచి, “మాస్టారూ, పాపకు లోటు లేకుండా వేశానని కూడా రాయండి!” అని ఒకటే కేక. రాశాను. ఈ ఉత్తరం కూడా డబ్బాలోనే పెట్టి పోస్టు చేస్తున్నాను.

మీ నాన్న


అమ్మాయీ, నా తల్లీ,

డబ్బా తెరవకు. తెరిచి ఉంటే, పాపకు అందులోది ఒక్కటి కూడా పెట్టకు.

ఇవాళ పొద్దున పళ్లెంలో మిగిలిన ముక్క నోట్లో వేసుకున్నాను. కోకో చేదు వెనుక పల్లీ తగిలింది. “ఇదేమిటి, అమ్మాయి వద్దంది కదా?” అన్నాను.

“వద్దంటుందా! చాలవంది. సరిపోవని మీరే కదండీ దిద్ది ఇచ్చారు. అందుకే ఎప్పుడూ వేసేదానికి రెట్టింపు వేశాను. పాపకు ముందరి పళ్లు ఊడుతున్నాయని మెత్తగా పొడి కొట్టాను కూడా” అంది, నవ్వుతూ.

కార్డు తీసి చూశాను. ఆమె చదివినదాంట్లో ఏ తప్పూ లేదు.

మీ ఇంట ఫోను లేదు. తంతి తీగ తెగి, తంతి పోవడం లేదు. పార్సెల్ ఇవాళే మీకు చేరవచ్చు. మీ వైపు వచ్చే బస్సులో నిలబడే చోటైనా లేదు. డ్రైవరు ఉత్తరం మాత్రం తీసుకుంటానన్నాడు. తరువాతి బస్సుకు నేను వస్తున్నాను. మీ అమ్మకు ఏమీ చెప్పలేదు. ఆమె రెండో డబ్బాకు పిండి కలుపుతోంది.

నాన్న


నా తోడైన నీకు,

ఆసుపత్రిలో పాప మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. ముందే చెబుతున్నాను: పాప బతికి ఉంది.

నేను వెళ్లేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. నా ఉత్తరం కన్న గంట ముందు డబ్బా చేరిందట. పాప ఒక్క బిస్కెట్టు తిన్నది. పెదవులు ఉబ్బి, గొంతు మూసుకుపోయి, ఊపిరి అందలేదు. వెంటవెంటనే రెండు సూదులు వేసి నిలబెట్టారు. ఇప్పుడు కళ్లు తెరిచింది. మాట ఇంకా రాలేదు.

నీ తప్పు లేదు. పల్లీలు పాప ఒంటికి పడవని అమ్మాయి రాసింది. చాలవని నీకు తోచేలా నేను దిద్దాను. నలభై ఏళ్లుగా నా ఎర్ర సిరాను నమ్మడం నీకు అలవాటు చేసినదీ నేనే.

“ఇంత ప్రమాదమని ఒక్క ముక్క రాయకూడదటమ్మా?” అని అమ్మాయిని అడిగాను.

ఆమె పాప చెయ్యి వదలకుండానే అంది: “రాశాను నాన్నా. పోయిన చలికాలం కూడా దీనికి ఇలాగే ఊపిరి ఆగింది. అదంతా నాలుగు పేజీలు రాశాను. మీరు దిద్ది వెనక్కి పంపుతారు కదా, ఎప్పటిలాగే. చింపేశాను. చిన్న కార్డయితే తప్పులు దొరకవనుకున్నా.”

“ఆ నాలుగు పేజీలూ ఇప్పుడు చెప్పు” అన్నాను.

“మధ్యలో ఆపుతారు.”

“ఆపను.”

మొదలుపెట్టింది. అందువల్ల ఇక్కడితో ముగిస్తున్నాను.

నీ మాస్టారు