డ్రమ్‌కిర్రా నిప్పు ఎవరిది

లీట్రిమ్ జిల్లా డ్రమ్‌కిర్రా కాపురస్తురాలు, కీర్తిశేషుడు ఓవెన్ మెక్‌టర్నన్ కూతురు, అవివాహిత, సుమారు ఎనభై నాలుగేళ్ళ వయసు గల సబీనా మెక్‌టర్నన్ అను నేను, నా యిష్టపూర్వకంగా వ్రాయించుచున్న వీలునామా.

నా బుద్ధి నిలకడగా ఉంది. అనుమానం ఉన్నవాళ్ళు ఎవరైనా వచ్చి నాతో ఒక పెయ్యదూడకు బేరమాడి చూడవచ్చు. నాకు చదువు రాదు. బడికి వెళ్ళింది ఒక్క చలికాలం. బడి పొయ్యి కోసం ప్రతి పిల్లా చంకలో ఒక టర్ఫ్ పెళ్ళ పెట్టుకొని రావాలి. ఊబినేలలో మట్టి కోసి, ఎండబెట్టి కాల్చుకునే ఆ పెళ్ళ ఆ ఏడు వానలకు మా ఇంట్లో ఎండలేదు. తేనివాళ్ళను వెనక గోడకు కూర్చోబెట్టేవారు. చలిలో అక్షరాలు ఎక్కవని నేనే మానేశాను. అందుకని నేను నోటితో చెబుతున్నాను, ప్లీడరు కోలమ్ గిల్‌రేన్ గారు రాస్తున్నారు. ఆయన కొన్ని మాటలు వద్దంటున్నారు. ఆ మాటలు కూడా ఉంచమన్నాను.

1. ఇంతకుముందు నా పేరున ఏ వీలునామా ఉన్నా అది చెల్లదు. నేను తుంటి విరిగి ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు మా అన్న కొడుకు ఆంబ్రోస్ మెక్‌టర్నన్ ఒక కాగితం తెచ్చాడు. "ఊరికే గుర్తు పెట్టు అత్తా, నీ మంచికే" అన్నాడు. నేను పెట్టలేదు. పెట్టినట్టు ఎవరైనా చూపిస్తే అది నా గుర్తు కాదు.

2. నా ఆస్తి వివరం. స్థిరాస్తి: ఇల్లు, పశువులశాల, ఇంటి చుట్టూ ఉన్న నేల, కొండవాలు మేత, ఊబినేలలో టర్ఫ్ కోసుకునే హక్కు. చరాస్తి: ఒక ఆవు, కోళ్ళు, అల్మరా, మంచం, పొయ్యి దగ్గరి పట్టకారు. వీటన్నిటి కంటే ముందు రాయవలసింది నా పొయ్యిలో నిప్పు. ప్లీడరుగారు నిప్పు ఆస్తి కాదంటున్నారు. ఆయన పట్నంలో పెరిగారు, ఆయన తప్పేమీ లేదు.

డ్రమ్‌కిర్రాలో మనుషుల్ని తలల లెక్కన ఎప్పుడూ చెప్పుకోలేదు. ఎన్ని పొగలు అని అడిగేవారు. నా చిన్నప్పుడు పొద్దున్నే కొండ మీద నుంచి చూస్తే పొగలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏ ఇంటిది ఏదో తెలిసేది కాదు. ఏ ఇంట్లోనూ నిప్పు ఆరేది కాదు. పడుకునే ముందు కణికల మీద బూడిద కప్పి, ఆ బూడిద మీద సిలువ గీసి, పొయ్యి కాచే పునీతురాలు బ్రిజిత్ తల్లికి అప్పజెప్పి పడుకుంటాం. పొద్దున లేచి బూడిద తీస్తే నిప్పు ఉంటుంది.

తరవాత ఇళ్ళు మూతబడడం మొదలైంది. ఇల్లు వదిలిపోయేవాళ్ళు ఆ పొద్దున తమ పొయ్యిలో నిప్పులు ఎత్తి పక్కింటి పొయ్యిలో కలిపి పోవాలి. తిరిగొచ్చినప్పుడు అక్కడి నుంచే తీసుకెళ్ళి వెలిగించుకోవాలి. పోయినవాళ్ళు పక్కింట్లో కలిపారు, ఆ పక్కింటివాళ్ళు పోతూ ఇంకో ఇంట్లో కలిపారు. అలా అలా అన్నీ నా పొయ్యిలోకి వచ్చి చేరాయి. గ్లాస్గో పోయిన విధవరాలు మెగ్ ఫీలీ నిప్పు ఇక్కడుంది. కవెంట్రీ కార్ల ఫ్యాక్టరీకి పోయిన మెక్‌గోల్డ్రిక్ అన్నదమ్ముల నిప్పు ఇక్కడుంది. వాళ్ళలో చిన్నవాడు వెళ్ళేటప్పుడు "రెండేళ్ళలో వచ్చి పట్టుకుపోతా సిబ్బీ, అందాకా దానికి నీ వంట వాసన తగలనీకు, చచ్చిపోతుంది" అన్నాడు. వాడికిప్పుడు మనవలు. నిప్పు మాత్రం నా వంట వాసన తట్టుకొని బతికే ఉంది.

కిందటి ఏప్రిల్‌లో జనాభా లెక్కల మనిషి వచ్చాడు. ఇంట్లో ఎందరు అన్నాడు. పొయ్యి చూపించి అందరి పేర్లూ చెప్పాను. "అమ్మమ్మా, నిప్పును రాసుకోవడానికి ఇందులో గడి లేదు" అంటూ 'ఒకరు' అని రాసుకొని పోయాడు. మర్యాదస్తుడే, టీ తాగాడు.

3. ఇక జరిగిన సంగతి. ఇది రాయకపోతే కింది నిబంధనలు పిచ్చిదాని మాటల్లా కనబడతాయి.

కిందటేడు చలికాలం నేను గుమ్మంలో జారి పడ్డాను. ఆంబులెన్సులోకి ఎక్కిస్తుంటే ఆంబ్రోస్ చెయ్యి పట్టుకొని "ఒరే, నిప్పు" అన్నాను. "నేను చూసుకుంటాగా అత్తా" అన్నాడు. బండి మలుపు తిరగగానే బకెట్‌తో నీళ్ళు పట్టుకొని లోపలికి వెళ్ళాడట. తాళం వేసిన ఇంట్లో నిప్పు ఉంటే ఇల్లు అంటుకుంటుందని వాడి వాదన. నా తాత పుట్టినప్పటి నుంచి అంటుకోని ఇల్లు అది.

మా సందు మొదట్లో ఆ చలికాలం రోడ్డువాళ్ళు డేరా వేసుకొని ఉన్నారు. రేకు బకెట్లు, చెంబులు చేసుకుంటూ ఊరూరా తిరిగే సైమన్ మౌగన్, అతని పెళ్ళాం నాన్, వాళ్ళ పిల్లలు. వాన పడితే నాన్ నా పొయ్యి దగ్గర కూర్చునేది, అందుకని ఆ నిప్పు కథ ఆమెకు తెలుసు. ఆమె ఆంబ్రోస్‌కు అడ్డం వెళ్ళి "ఒక్క పారెడు ఎత్తుకోనీ బాబూ, తరవాత నీ ఇష్టం" అంది. వాడు "నీకు నిప్పు కావాలంటే అగ్గిపెట్టె కొనుక్కో పో" అన్నాడు. నాన్ వాడి చంక కింద నుంచి దూరి, కణికలు తన చెంబులోకి ఎత్తుకొని పరుగు తీసింది. వాడు మిగిలినదాని మీద నీళ్ళు గుమ్మరించి, తాళం వేసి, రోడ్డువాళ్ళు మా అత్త ఇల్లు దోచారని పోలీసులకు చెప్పాడు.

పోలీసు డేరాకు వచ్చి ఏం దొంగిలించావని అడిగితే నాన్ డేరా ముందు తమ పొయ్యి చూపించి, "ఇదేనయ్యా దొంగసొత్తు. జేబులో వేసుకొని తీసుకెళ్ళు" అందట. అతను నవ్వాడు గాని డేరా మాత్రం ఎత్తించాడు. వాళ్ళను అక్కడి నుంచీ తోలారు, ఇంకో చోటి నుంచీ తోలారు. ఎక్కడికి తోలినా ఆమె ఆ చెంబును బూడిద కప్పి ఒళ్ళో పెట్టుకొని బండి ఎక్కింది.

నేను కర్రలతో ఇంటికి వచ్చేసరికి పొయ్యిలో తడి బూడిద గడ్డకట్టి ఉంది. నా బతుకులో మొదటిసారి ఈ ఇంట్లో చలికి వణికాను. మర్నాడు నాన్ చెంబు పట్టుకొని వచ్చింది. "పెద్దమ్మా, నీవాళ్ళందర్నీ తీసుకొచ్చా. కాస్త నీరసంగా ఉన్నారు, ఆకలి మీద ఉన్నారు, మంచి పెళ్ళ ఒకటి వెయ్యి" అంది.

కాబట్టి, నా ఇంట్లోంచి నాన్ మౌగన్ తీసుకెళ్ళినది ఏదీ దొంగతనం కాదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

4. రెండో నిబంధనలో చెప్పిన నా స్థిర చరాస్తులు, కింద వేరేగా చెప్పినవి తప్ప, నా తదనంతరం సదరు నాన్ మౌగన్‌కు, ఆమె వెనుక ఆమె సంతానానికి, సర్వహక్కులతో చెందవలెను. డ్రమ్‌కిర్రా నిప్పు ఆమెది. చర్చి మెట్ల మీద దీని గురించి ఏం మాట్లాడుకుంటారో నాకు ఇప్పుడే వినబడుతోంది. వాళ్ళలో ఒక్కరైనా చలికాలంలో ఈ సందు ఎక్కి వచ్చి ఉంటే వాళ్ళ పేరు రాయించేదాన్ని.

5. పై నిబంధనకు షరతులు. నిప్పు ఆరకూడదు. పోయినవాళ్ళ పిల్లలు గాని మనవలు గాని ఎప్పుడు వచ్చి అడిగినా, కాదనకుండా కణికలు ఇచ్చి, వాళ్ళ ఇంటి గోడలు ఎక్కడున్నాయో చూపించాలి. ఈ నేలలో కలప కోసం పెంచే స్ప్రూస్ మొక్క ఒక్కటి కూడా నాటకూడదు. మొన్న శరదృతువులో ఆంబ్రోస్ ఒక అడవుల శాఖ మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. కొండంతా స్ప్రూస్ వేస్తారట, చెట్లు గుమ్మాల దాకా వస్తాయట. మరి ఊరి పేరు ఏమవుతుందయ్యా అంటే, "మనుషులు లేని చోటికి పేరెందుకమ్మా, అడవికి ఒక నంబరు ఇస్తాం" అన్నాడు. ఈ షరతే ఆయనకు నా జవాబు.

రోడ్డువాళ్ళు ఎండాకాలం ఒకచోట ఉండరు, అప్పుడు షరతు తప్పినట్టే కదా అని ప్లీడరుగారు అడిగారు. మంచి ప్రశ్న. రాయండి: వాళ్ళు బండి ఎక్కినప్పుడు నిప్పు వాళ్ళ చెంబులో వెళ్తుంది, తిరిగి వచ్చినప్పుడు పొయ్యిలోకి వస్తుంది. మేం పోతూ నిప్పు వదిలి వెళ్ళాం. వాళ్ళు వెంట తీసుకెళ్తారు. ఈ రెండో పద్ధతి మాకు తట్టి ఉంటే బాగుండేది.

6. బావి దారి. ఇది మా పొలంలోదా, రూనీలదా అని నాకూ కేట్ రూనీకీ ముప్ఫై ఏళ్ళు మాటలు లేవు. ఎదురుపడితే ఆమె ఆకాశం చూసేది, నేను గట్టు చూసేదాన్ని. వాళ్ళ అమ్మ చనిపోయినప్పుడు శవపేటిక మొయ్యడానికి ఊళ్ళో మగవాళ్ళు చాలక ఒక కొమ్ము నేను పట్టాను. అప్పుడూ మాట్లాడుకోలేదు. కేట్ కూతురి దగ్గరికి బర్మింగ్‌హామ్ పోయే పొద్దున బకెట్‌లో నిప్పులు తెచ్చి నా గుమ్మంలో నిలబడి, "ఒసే సబీనా, నువ్వంటే నాకు పడదు. కానీ నిప్పు ఆర్పవు, ఆ సంగతి తెలుసు" అంది. నేనే ఎత్తి పొయ్యిలో కలిపాను. కేట్ బతికి ఉంటే కేట్‌కు, లేకపోతే ఆమె కూతురికి, బావి దారి సర్వహక్కులతో ఇస్తున్నాను. తప్పు నాదని మాత్రం కాదు. దారి మాదే. మాది కాబట్టే ఇవ్వగలుగుతున్నాను.

7. ఆంబ్రోస్ మెక్‌టర్నన్‌కు: వాడు నీళ్ళు గుమ్మరించిన బకెట్, అడుగున చిల్లితో సహా. ఇంటి మీద, నేల మీద వాడికి ఏ హక్కూ లేదు. కోర్టుకు వెళ్తే వెళ్ళనీ, జడ్జి ముందు నిప్పు మాట చెప్పుకోవలసింది వాడే. వాళ్ళ నాన్న టోపీ గుమ్మం వెనక మేకుకు ఉంది, అదీ వాడిదే. తల్లి పోయాక మూడేళ్ళు వాడు నిద్రపోయింది ఈ పొయ్యి ముందు, నా ఒడిలో. కాళ్ళు చల్లగా ఉంటే ఏడ్చేవాడు. చలేస్తే వాడిని వచ్చి కూర్చోనివ్వమని నాన్‌ను అడుగుతున్నాను. ఇది షరతు కాదు, మనవి.

8. నా శవపేటికను మౌగన్‌ల మగవాళ్ళు మొయ్యాలి. చాలకపోతే ఆడవాళ్ళు పట్టాలి. ఆంబ్రోస్ వెనక నడవవచ్చు.

9. ఈ వీలునామా అమలు బాధ్యత ప్లీడరు కోలమ్ గిల్‌రేన్ గారిది. ఇందులో కొన్ని షరతులు కోర్టులో నిలవవని ఆయన నాకు చెప్పారు, విన్నాను. నిలబెట్టవలసింది కోర్టు కాదు, నాన్. ఆమె వానలో కూడా నిలబెట్టింది.

ఇది నాకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. కలం ఇస్తామన్నారు, వద్దన్నాను. పొయ్యి అంచున మసి వేలికి రాసుకొని, రోజూ రాత్రి బూడిద మీద గీసే సిలువనే ఈ కాగితం మీద గీస్తున్నాను.

1962వ సంవత్సరం, ఫిబ్రవరి 1, బ్రిజిత్ తల్లి పండుగ రోజు, డ్రమ్‌కిర్రాలో.

✝
సబీనా మెక్‌టర్నన్, ఆమె గుర్తు

సాక్షులు:
మెల్ కెరిగన్, పోస్ట్‌మన్
అట్రాక్టా క్లాన్సీ, నర్సు

పై గుర్తు ఆమె మా ఇద్దరి ఎదుట స్వయంగా పెట్టినది. ఆ సమయంలో పొయ్యిలో నిప్పు ఉన్నదని కూడా, ఆమె కోరిక మీద, మేము దగ్గరికి వెళ్ళి చూసి సంతకం చేసినాము.