గోడవతల వినపడని గురక

రాయగడ, శుక్రవారం రాత్రి

నిద్రలో నా ఊపిరి ఆగకుండా గాలి కొట్టే మిషన్ ఇస్తూ విశాఖ డాక్టరు చెప్పింది ఒక్కటే. ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచుకోండి, గురక ఆగిందో లేదో పక్కన పడుకునేవాళ్ళని అడగండి అని.

ఎవరిని అడగను? మా ఆవిడ పార్వతి పోయాక ఈ ఇంట్లో నిద్రపోయేది నేనొక్కణ్ణే. నా గురక నాకు వినపడదు కదా!

నిన్న చింతపండు బేరానికి కొల్నార వెళ్ళి పొద్దుపోయి వచ్చాను. మిషన్ ఒత్తిడిని ఎనిమిది నుంచి తొమ్మిదికి పెంచి పడుకున్నాను. ఈ ఉదయం కొట్టు తెరుస్తుంటే పక్కింటి సూరమ్మ చీపురు ఆపి అడిగింది.

"రేత్రి కొల్నారలోనే తొంగున్నారేటి అన్నయ్యా? గోడవతల గురకే నేదు!"

"నేదమ్మా, ఇంట్లోనే ఉన్నాను."

అయితే తొమ్మిది సరిపోయిందన్నమాట. రోజూ లేవగానే ఉండే తలనొప్పి కూడా లేదు. సంతోషించాల్సిన మాటే. కానీ ఈ ఇంట్లో మనిషున్నాడని ఇన్నాళ్ళూ ఆమెకి చెప్పింది ఆ గురకేనా? ఇక ఏ రాత్రైనా నాకేమైనా అయితే, కొల్నారలో ఉండిపోయాననే అనుకుంటుంది.

రేపటి నుంచి లేవగానే రేడియో గట్టిగా పెడతాను. అది మోగని రోజు వచ్చి తలుపు కొట్టమని సూరమ్మకి ఏ నోటితో చెప్పను...