నలుగురమే ఆడి గెలిచిన ఆట

ఆమదాలవలస,
9 డిసెంబరు 1968.

శ్రీయుత అధ్యక్షులు గారికి,
చిన్న కళాశాలల మహిళా క్రీడా మండలి,
విజయనగరం.

ద్వారా: ప్రిన్సిపాల్ గారు, మహిళా కళాశాల, ఆమదాలవలస.

అయ్యా,

విషయం: బాల్ బాడ్మింటన్ ఆఖరి పోటీలకు జట్ల ఎంపికలో మా కళాశాలను విడిచిపెట్టుట – నవంబరు 23వ తేదీన నౌపడ జట్టుపై మా గెలుపును రద్దు చేయుట – పునఃపరిశీలన కోరుట గురించి.

సూచిక: తమ తాత్కాలిక జాబితా, తేదీ 4-12-1968.

నేను పై కళాశాలలో బి.ఎ. రెండో సంవత్సరం చదువుతున్నాను. జట్టుకు కార్యదర్శిని. నేను ఆడను. పాయింట్లు రాస్తాను, బంతులు ఎండబెడతాను, తమకు పంపవలసిన ఫారాలు నింపుతాను. ఈ అర్జీ రాయవలసిన అవసరం నా మూలంగానే వచ్చింది కనుక నేనే రాస్తున్నాను.

1. తమ మండలిలో ఎనిమిది చిన్న కళాశాలలున్నవి. ప్రతి జట్టూ డిసెంబరు 15వ తేదీలోగా కనీసం ఐదు జట్లతో ఆడవలెను. వాటిలో మేలైన నాలుగింటిని ఎంపిక సంఘం వారు ఏరి ఆఖరి పోటీలకు పిలుస్తారు. మొదటి స్థానం వారితో నాలుగో స్థానం వారు, రెండో స్థానం వారితో మూడో స్థానం వారు ఆడుతారు. ఈ నెల 20, 21 తేదీలలో విజయనగరంలో ఆ పోటీలు జరుగుతవి. ఇంతవరకు మాకు ఏ అభ్యంతరమూ లేదు.

2. మేము ఐదు ఆటలు ఆడితిమి. ఐదూ గెలిచితిమి. తమ జాబితాలో బొబ్బిలి, పార్వతీపురం, పాలకొండ, నెల్లిమర్ల జట్ల పేర్లున్నవి. నెల్లిమర్ల వారు ఐదు ఆడి మూడు గెలిచారు. ఓడిన రెండింటిలో ఒకటి మా చేతిలోనే. వారి మీద మాకు కోపం లేదు, మంచి పిల్లలు. ఆట అయిన తరువాత మాతో కలిసి భోజనం చేశారు. అయినా మమ్మల్ని ఓడించని వారు మా స్థానంలో ఎట్లా ఉన్నారో మాకు బోధపడలేదు.

3. కారణం తమ జాబితా అడుగున సన్న అక్షరాలలో ఉన్నది. నిబంధన 11 ప్రకారం ఆటలో ఇరువైపులా ఐదుగురేసి ఉండవలెను. నౌపడతో మా ఆటలో నలుగురేసే ఉన్నందున అది ఆట కానేరదు. అది ఆట కాకపోతే మేము ఆడినవి నాలుగే. నాలుగే ఆడితే ఎంపికకు అర్హత లేదు.

4. ఆనాడు జరిగినది యథాతథంగా మనవి చేస్తున్నాను. నౌపడ ఉపాధ్యాయినుల శిక్షణ కళాశాల జట్టు మధ్యాహ్నం పాసింజరులో మా ఊరు రావలసి ఉండెను. బండి వచ్చింది. నలుగురు దిగారు. ఐదో అమ్మాయి పేరు దానమ్మ. ఆమె కోటబొమ్మాళి స్టేషనులో చెంబుతో నీళ్ళు పట్టడానికి దిగిందట. చెంబు నిండేలోగా బండి కదిలింది. ఆమె చెప్పులు మాత్రం బండిలో వచ్చాయి. ఆరో మనిషిని వెంట తెచ్చుకొనే వీలు మాలాంటి కళాశాలలు వేటికీ ఉండదు. కనుక ఆ నలుగురూ కోర్టు అంచున చెప్పుల జత పక్కనే నిలబడి మా వైపు చూస్తూ ఉండిరి.

మా డ్రిల్లు టీచరు లక్ష్మణమ్మ గారు నిబంధనల పుస్తకం తీసి చూశారు. "జట్టు నిండలేదు కాబట్టి వాకోవర్ మనకే. సంతకాలు పెట్టించుకొని నాలుగు గంటల బండికి పంపించేద్దాం" అన్నారు.

మా కెప్టెన్ నీలవేణి ఒప్పుకోలేదు. ఆమెది కళింగపట్నం దగ్గర సముద్రపు ఒడ్డున ఊరు, చేపల వేటకు వెళ్ళే కుటుంబం.

"అదేటండి టీచరుగారూ! బండెక్కి ఇంత దూరం వచ్చినారు. బంతి ముట్టకుండా పంపీడమేటండి? మా ఊరి ఇసకలో సెడుగుడు ఆడినప్పుడు ఎదటోళ్ళకి మనిషి తగ్గితే ఇటు నాయకుడు కూకుంటాడు. నాను కూకుంటాను. నలుగురూ నలుగురూ ఆడుకోండి."

"నువ్వు కూకుంటే ఓడిపోతామే" అన్నది మా జట్టులోని తాతమ్మ.

"ఓడిపోతే ఓడిపోండి. నాను సూస్తాను గదా."

ఆమె నిజంగానే కూర్చుంది. నోరు మాత్రం కూర్చోలేదు. "ఒసే తాతా, ఎనక్కి! ఎనక్కే! బంతిని సూడు, ఆకాశాన్ని కాదు!" అని ఒకటే కేకలు. అంపైరుగా ఉన్న హైస్కూలు డ్రిల్లు మాస్టారు సోములు గారు ఆమెను మూడుసార్లు హెచ్చరించవలసి వచ్చింది. మా నలుగురు 29–18, 29–25తో గెలిచారు. చివరి పాయింటు అయిన తరువాత దానమ్మ బస్సు దిగి, వట్టి కాళ్ళతో, చెంబుతో సహా పరుగెత్తుకొని వచ్చింది. "నా సెప్పులేవి?" అని మొదట అడిగింది. "గెలిసినామా?" అని తరువాత అడిగింది. మొదటి ప్రశ్నకే ఆమె కోరిన జవాబు దొరికింది.

5. నిబంధన 12 ప్రకారం ఎదుటి జట్టు నిండకపోతే హాజరైన జట్టుకు ఆడకుండానే గెలుపు ఇవ్వవలెను. అనగా, ఆనాడు మేము వేరుశనగకాయలు తింటూ కూర్చొని ఉంటే మాకు ఒక గెలుపు వచ్చేది, అర్హత ఉండేది. ఎండలో గంటన్నర ఆడి, మా మేటి ఆటగత్తెను పక్కన కూర్చోబెట్టుకొని గెలిచినందున ఏమీ రాలేదు. పై రెండు నిబంధనలను నేను ఐదారుసార్లు చదివాను. విడివిడిగా చదివితే రెండూ బాగానే ఉన్నవి. కలిపి చదివితేనే చిక్కు.

6. నలుగురేసి ఆడిన సంగతి మండలి వారికి ఎట్లా తెలిసినదంటే, నేను రాశాను. ఫారంలో 'రిమార్కులు' అనే గడి ఉన్నది. మిగిలిన కళాశాలల వారు అందులో 'లేవు' అని రాస్తారని తరువాత తెలిసింది. నేను కోటబొమ్మాళి దగ్గర మొదలుపెట్టి పద్నాలుగు పంక్తులు రాసి, చోటు చాలక వెనుక పేజీలోకి వెళ్ళాను. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు మాకు ఒక మాట నేర్పారు: తెలిసిన సంగతి ఉండగా కాగితం ఖాళీగా వదలడం దాచడమే అవుతుంది అని. నేను దాచలేదు. దాని ఫలితం ఐదుగురు అనుభవిస్తున్నారు.

జాబితా వచ్చిన రోజున నీలవేణి నాతో అన్నది ఒకటే మాట. "ఒసే పద్మా, అక్కడ ఏటీ లేదని రాసీలేకపోనావా?" అంతే. ఆ తరువాత నాతో మామూలుగానే మాట్లాడుతోంది. తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆమెకు ఇది చివరి సంవత్సరం. గత రెండేళ్ళూ మేము ఐదో స్థానంలో ఆగిపోయాము. ఆఖరి పోటీలలో ఒక్క ఆటైనా ఆడాలని ఆమె మూడేళ్ళుగా పొద్దున్నే లేచి గోడకు బంతి కొడుతోంది. హాస్టలులో అందరికీ ఆ చప్పుడుతోనే మెలకువ వస్తుంది. ఈ నాలుగు రోజులుగా ఆ చప్పుడు లేదు. అందరూ ఆలస్యంగా లేస్తున్నారు.

అధికారులకు రాసే కాగితంలో ఇటువంటివి ఉండకూడదని నాకు తెలుసు. మన్నించవలెను.

7. ఈ నెల 6వ తేదీన నేనూ నీలవేణీ తమ కార్యాలయానికి వచ్చితిమి. తమరు క్యాంపులో ఉంటిరి. గుమాస్తా జగన్నాధం గారిని చూచితిమి. చెప్పవలసిన మాటలు నేను కాగితం మీద రాసుకొని వెళ్ళాను. వారిని చూడగానే నాకు నోరు పెగలలేదు. కాగితం మడత విప్పకుండానే తిరిగి తెచ్చుకొన్నాను. నీలవేణే మాట్లాడింది.

"ఏటమ్మా, ఊరికే కూకుంటే గెలుపు దక్కీది గదా. ఎవరాడమన్నారు మిమ్మల్ని?" అన్నారు జగన్నాధం గారు.

"ఆడ్డానికే గదండీ జట్టు పెట్టినారు."

"అది నిజమే గానీ, నిబంధన ఉన్నాది."

"నిబంధన రాసినోరు ఎప్పుడైనా బంతి ఆడినారేటండీ?"

"నాకేటి తెలుస్తాది తల్లీ? నాను టైపు కొట్టినాను."

వారు మాకు టీ తెప్పించారు. ఒక దారి కూడా చూపారు. గడువు లోపల నౌపడతో మళ్ళీ ఆడి, అంపైరు సంతకంతో ఫారం పంపితే సరిపోతుందన్నారు. అందుకు వేరే అనుమతి అక్కర లేదట. కాని నౌపడ జట్టు వారు ఈ నెలంతా టీచింగ్ ప్రాక్టీసులో ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరి బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతున్నారు. వారిని పోగుచేయడం మా వల్ల కాదు. మేము ఆడని బొబ్బిలి, పార్వతీపురం వారికి ఆటలన్నీ ఇదివరకే ముగిసినవి. ఆ మాట చెబితే, "అయితే అర్జీ ఎట్టండి. నోటిమాటని నాను ఫైల్లో కుట్టలేను" అన్నారు. అందుకే ఈ అర్జీ.

8. తమ జాబితాలో మా ప్రత్యర్థుల స్థాయి తక్కువ అని కూడా ఉన్నది. దీనిని గురించి సవినయంగా ఒక మాట. మేము ఆడిన జట్లు నెల్లిమర్ల, పాలకొండ, చీపురుపల్లి, రాజాం, నౌపడ. నెల్లిమర్ల వారు ఆడిన జట్లు పాలకొండ, చీపురుపల్లి, రాజాం, నౌపడ, మేము. నాలుగు జట్లు ఇద్దరికీ సమానమే. తేడా ఒక్కటే: వారు మాతో ఆడారు, మేము వారితో ఆడాము. మాతో ఆడినందున వారి ప్రత్యర్థుల స్థాయి పెరిగినదని, మాతో మేము ఆడుకోలేము కనుక మా ప్రత్యర్థుల స్థాయి తగ్గినదని అనుకోవలసి వస్తున్నది. ఇందులో మేము చేయగలిగినది ఏమున్నదో సెలవీయవలెను.

9. నౌపడ దానమ్మ నాకు రాసిన కార్డును జతపరచితిని. ఆమె ఇప్పుడు టెక్కలి దగ్గర ఒక పల్లె బడిలో ఉన్నది. అందులోని ముఖ్యభాగం: "మేము నలుగురం ఆడి నలుగురి చేతిలో ఓడిపోయాం. సరైన ఓటమి. దాన్ని మండలి వారు కొట్టేశారని విన్నాం. మేము కొట్టేయమని అడగలేదు. మా ఓటమి మాకు తిరిగి ఇప్పించవలసిందని నేను చెప్పినట్టు రాయి." ఓడినవారే ఒప్పుకొన్న తరువాత గెలిచినవారిని కాదనడం తమవంటి వారికి తగదని తలుస్తున్నాను. ఈ వాక్యం కటువుగా ఉంటే దాన్ని వదిలి తరువాతిది చదవవలెను.

ప్రార్థన: కావున దయతో నౌపడ జట్టుపై మేము పొందిన గెలుపును గెలుపుగానే లెక్కించి, మా జట్టును ఆఖరి పోటీలలో చేర్చవలెనని కోరుచున్నాను. నలుగురేసి ఆడడం తప్పే అయితే, ఆ తప్పును ఫారంలో రాసిన నన్ను కార్యదర్శి పదవి నుంచి తొలగించి, ఆడినవారిని ఆడనివ్వవలెను.

ఈ కాగితం కొంచెం పొడుగైనందుకు విసుగు చెందక, మొదటి పంక్తి నుంచి ఆఖరుదాకా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పద్మకుమారి,
జట్టు కార్యదర్శి.

తా.క. తేదీ 12-12-1968, సాయంత్రం.

అయ్యా,

ఈ అర్జీ సంతకం కోసం మూడు రోజులుగా ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఉన్నది. ఆయన ఇంకా చదవలేదు. అది ఒక విధంగా మంచిదే అయింది.

ఈ మధ్యాహ్నం నేను తరగతిలో ఉండగా ప్యూను వచ్చి, ఎవరో ఆడపిల్లలు బాట్లు పట్టుకొని గేటు దగ్గర ఉన్నారని చెప్పాడు. వెళ్ళి చూస్తే నౌపడ జట్టు. ఐదుగురూ ఉన్నారు. జగన్నాధం గారు చూపిన దారిని నా ఉత్తరంలో చదివి, దానమ్మ నాలుగు ఊళ్ళకు నాలుగు కార్డులు రాసి, అందరిచేతా సెలవు పెట్టించి తీసుకొని వచ్చింది. కోటబొమ్మాళిలో ఎవరినీ కిందికి దిగనివ్వలేదట.

"ఆడండి. ఐదుగురికి ఐదుగురు. ఫారం నింపి పంపీండి" అన్నది.

సోములు మాస్టారు గారిని హైస్కూలు నుంచి పిలుచుకొని వచ్చితిమి. నీలవేణి ఆడింది. అందరూ ఆడారు. 29–26, 22–29, 27–29. ఓడిపోయాము.

దానమ్మ ఎడమచేతి వాటం. ఆమె కొట్టిన బంతి మా వాళ్ళకు కనబడలేదు. ఆట అయ్యాక ఆమె తల పట్టుకొని కోర్టు మధ్యలో కూలబడింది. "మిమ్మల్ని గెలిపిద్దామనే వచ్చినాను అక్కా. బంతి సేతికొచ్చీసరికి అది గురుతులేదు" అన్నది.

"గెలిపిద్దామని ఆడి ఉంటే నిన్ను ఇక్కడే సంపీదాన్ని" అన్నది నీలవేణి. ఆ తరువాత ఆగకుండా నవ్వింది. "ఒసే, ఇలాటి పిల్లని స్టేషన్లో వదిలీసి వచ్చినారేటే మీరు!" అని మిగిలిన నలుగురినీ తిట్టింది. వారూ నవ్వారు. నేను పక్కన కూర్చొని వేళ్ళమీద లెక్క వేసుకొంటున్నాను. ఆ లెక్క చెప్పేసరికి అందరూ నవ్వు ఆపి నన్ను చూశారు.

మేము నిబంధన 11 ప్రకారం ఆడినవి ఇప్పుడు ఐదు. గెలిచినవి నాలుగు, ఓడినది ఒకటి. అర్హత ఉన్నది. నెల్లిమర్ల కంటే ఒక గెలుపు ఎక్కువ ఉన్నది.

అంపైరు సంతకంతో ఫారం జతపరచితిని. గడువుకు మూడు రోజులే ఉన్నందున, సంతకం కోసం ఆగక, ఈ కాగితం తపాలాకు ఇవ్వడం లేదు. రేపు ఉదయం బండికి నేనే తెచ్చి జగన్నాధం గారి చేతికి ఇస్తాను. నీలవేణికి తరగతి ఉన్నది కనుక ఒక్కదాన్నే వస్తున్నాను.

కావున పై ప్రార్థనలో 'గెలుపు' అని ఉన్న రెండు చోట్లా 'ఓటమి' అని దిద్దుకొని చదివి, దానిని తప్పక లెక్కించవలెను.

ప.