మల్లేశ్ బుధవారాలు

బుధవారం, 1995

మా స్టడీ సెంటర్ కో-ఆర్డినేటర్‌గా దూరవిద్య డిగ్రీ క్లాసులన్నీ ఆదివారాలే పెట్టింది నేనే. ఉద్యోగస్తులకు వీలుగా ఉంటుందని మురిసిపోయాను కూడా. ఒక్క క్లాసుకూ రాని లాల్‌పేట్ బొగ్గుగని మల్లేశ్, పరీక్ష ఫారం మీద సంతకం కోసం ఇవాళ మా ఇంటికే వచ్చాడు. హాజరు లేనివాళ్లకు సంతకం పెట్టకూడదు.

"ఇన్నాళ్లూ ఏమయ్యావయ్యా?" అని కసిరాను.

"గనిల నీళ్లు తోడే పంపు నాది సార్. ఐతారం గూడ బంద్ పెట్టరాదు. నా సుట్టీ బుధారం. ఎవరన్న పాఠం చెప్తరేమోనని మూడు బుధారాలు వచ్చిన. క్లాసు గదికి తాళమే ఉండె."

'నీ సెలవు ఏ రోజు?' అని అడుగుతూ ఒక్క కార్డు ముక్కైనా రాశానా నేను? అతనికి హాజరు మినహాయించమని రేపు పైవాళ్లకు రాయాలి. రాస్తే మాత్రం నమ్ముతారా? పోయిన నెల రిపోర్టులో అతని పేరు పక్కన రాసిందీ నేనే కదా: "చదువు మీద ఆసక్తి లేదు."