వీధి గుమ్మం పైన నా ఫోటో

శంషాబాద్ వాస్తవ్యుణ్ణి, రిటైరైన లైబ్రేరియన్‌ని, డెబ్బై రెండేళ్ల గొడవర్తి శివరామకృష్ణ అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా. 2009లో క్యాన్సర్ వల్ల డాక్టర్లు నా ఎడమ కన్ను తీసేసి గాజు కన్ను పెట్టారు. తీసింది కన్నునే. తెలివి, జ్ఞాపకం నా దగ్గరే ఉన్నాయి, ముఖ్యంగా జ్ఞాపకం. ఇంతకు ముందు రాసినవేవీ చెల్లవు.

1. నా బావమరిది భాస్కరరావుకు నా రెండు సంపుటాల నిఘంటువులో మొదటిది మాత్రమే చెందుతుంది. ఆపరేషన్ అయిన మూడో రోజు పరామర్శకు వచ్చి, "ఒకటైనా మిగిలింది కదా బావగారూ, సంతోషించండి" అన్నాడు. అతనూ సంతోషించాలి. రెండో సంపుటం, తక్కిన పుస్తకాలన్నీ కొత్వాల్‌గూడ బడికి.

2. బస్టాండు దగ్గర టీ కొట్టు కుర్మయ్యకు నా చేతి గడియారం. ఒంటికంటికి దూరం అందదు. ఓ రోజు అతని కొట్లో గ్లాసు బల్ల మీద పెట్టాననుకుని గాలిలో వదిలాను. అందరూ తలతిప్పి చూశారు. "ఏం గాదు సార్, నాకు రెండు కండ్లుండి దినాం రెండు పలగ్గొడుత" అన్నాడు. మర్నాటి నుంచి గ్లాసు నా చేతికే ఇచ్చి, చేతి నుంచే తీసుకుంటున్నాడు.

3. ఆస్పత్రి వాళ్లు ఏటా ఒక ఫారం నింపమంటారు. మెట్లు దిగగలరా, రాత్రిపూట కార్ల లైట్లు ఇబ్బంది పెడుతున్నాయా, జబ్బు తిరగబెడుతుందని భయమా. అన్నింటికీ జవాబులు రాశాను. బయల్దేరే వాళ్లకు మీరు ఎదురు రావచ్చా అని మాత్రం వాళ్లు అడగరు. ఆ ఫారాల నకళ్లు నా కొడుకు ఫణికి. అతను ఒక్కటీ చదవలేదు కాబట్టి.

4. నా స్వార్జితమైన శంషాబాద్ ఇల్లు ఫణికే, ఒక షరతుకు లోబడి. రెండేళ్ల కిందట అతని కూతురు సింధు విమానాశ్రయంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు బయల్దేరుతుంటే గేటు దగ్గర నేను ఎదురయ్యాను. ఉద్యోగం రాలేదు. ఒంటికంటి శకునం అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు చెప్పులు తొడిగినా, "నాన్నా, కాస్త లోపలికి" అంటాడు ఫణి. అతను ఇంజనీరు. రెండో ఇంటర్వ్యూ నాడు, నేను కట్టించిన ఇంట్లో తలుపు వెనకే కూర్చున్నాను. అప్పుడూ రాలేదు. దానికి మాత్రం ఎవరినీ గదిలో కూర్చోబెట్టలేదు.

మొన్న సోమవారం మూడోది. సింధు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చి నా గది తలుపు తీసింది. "తాతయ్యా, నువ్వు ఎదురొస్తేనే కదుల్తాను" అంది. వెళ్లి నిలబడ్డాను. నా నల్లద్దాలు తీయించి ఫోన్‌లో ఫోటో తీసుకుంది.

షరతు ఇది. నేను పోయాక ఆపరేషన్‌కు ముందటి ఫోటోకు దండ వేసి పెట్టకూడదు. సింధు తీసిన ఫోటోనే వీధి గుమ్మం పైన, లోపలి వైపు, బయటికెళ్లే ప్రతివాళ్లకూ కనబడేలా ఉండాలి. అది దించిన రోజున ఇల్లు సింధుకు చెందుతుంది. బతికున్నంత కాలం నా గేటు దగ్గర నిలబడే హక్కు నాదే.

5. సింధుకు నా రాతబల్ల, ఏ షరతూ లేకుండా. ఇంటర్వ్యూ ఫలితం ఇంకా తెలియలేదు. ఏమైనా ఈ కాగితంలో అక్షరం మారదు. రాకపోతే, నాలుగోసారి కూడా గేటు దగ్గరే ఉంటాను.

దీని అమలు బాధ్యత వకీలు శ్రీకాంత్‌ది.

శంషాబాద్, 19 జూలై 2012
(సం.) గొడవర్తి శివరామకృష్ణ

సాక్షులు:
1. బిక్షం, రిటైర్డ్ పోస్ట్‌మాన్, శంషాబాద్
2. మాధవీలత, టీచర్, మామిడిపల్లి