ఇక కాపలా నాది

మిషిగన్ సరస్సు, పడవ ఆగిన రేవు నుంచి

అమ్మా,

నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. ఆర్మీ నుంచి ఇళ్లకొచ్చిన మా అందరికీ ఈ వారం తెరచాప పడవే ఇల్లు. వంతులవారీగా చుక్కాని పట్టుకుంటాం, ఆ వంతునే ఇక్కడ కాపలా అంటారు. వంతు అయినవాళ్లు పడవ ఎటు పోతోందో చెప్పాలి. వచ్చినవాళ్లు అదే తిరిగి చెప్పి, "ఇక కాపలా నాది" అనాలి. అప్పుడే మొదటివాళ్లు చుక్కాని వదలాలి.

నిన్న మధ్యాహ్నం నా వంతు అయిపోయినా నేను వదల్లేదు. తర్వాతి వంతు రే అనే పెద్దాయనది. ఆయన లాక్కోలేదు, పక్కనే నిలబడి కాఫీ తాగాడు. చివరికి, "లూసీ, ఆ మాట నేను అనేశాను. ఇంకా ఇక్కడే ఉన్నావంటే నన్ను నమ్మనట్టే" అన్నాడు. సిగ్గేసి కిందికెళ్లాను. ఆర్మీ నుంచి వచ్చాక మొదటిసారి బూట్లు విప్పి పడుకున్నానమ్మా! రాత్రి భోజనానికి లేపేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

మన ఊరు ట్రాయ్‌లో వాన పడిందా? లేకపోతే గోంగూరకి నీళ్లు పొయ్యి. బీపీ మాత్రలు మానకు. మెట్ల దగ్గర లైటు తమ్ముణ్ని మార్చమను, నువ్వు స్టూల్ ఎక్కావంటే ఊరుకోను. చర్చిలో ప్రార్థనకి నా పేరుతో పాటు రే పేరు కూడా ఇవ్వు.

ఇంకొక్క మాట. రోజూ రాత్రి నేను తలుపులన్నీ చూసొచ్చేదాకా నువ్వు నిద్రపోతున్నట్టు నటిస్తావని నాకు తెలుసు. శనివారం వస్తున్నాను. ఆ రాత్రి తలుపు నువ్వే వేసి, "ఇక కాపలా నాది, పడుకో" అను. బూట్లు గుమ్మం దగ్గరే వదిలేసి పడుకుంటాను.

నీ లూసీ