రాతి మఠానికి సైకిల్ మీద

ప్రియమైన మరదలు పిల్లకు,

ఫోన్‌లో అయితే నీ గొంతే తప్ప నా గొంతు వినపడదు. అందుకే ఈ ఉత్తరం.

మీ అన్నయ్య పోయాక నేను ఒంటరిగా ఎలా నెట్టుకొస్తానోనని నీకు బెంగ. కళ్లజోళ్ల షాపు ఎవరికైనా అప్పగించి నీ దగ్గరికి వచ్చేయమంటున్నావు. నాకోసం గదికి రంగులు కూడా వేయించావట. నీ మనసు బంగారం. అయితే ఒక వార్త విను. యాభై దాటాక సైకిల్ నేర్చుకున్నాను! మొదట్లో నన్ను చూసి పక్కకి గెంతిన బేకరీ ఆయన ఇప్పుడు చెయ్యి ఊపుతున్నాడు.

ఏటి అవతల కొండ మీది రాతి మఠానికి సైకిల్ మీదే వెళ్తాను. మీ అన్నయ్యతో వెళ్లినప్పుడల్లా కారు దిగడం, దణ్ణం పెట్టడం, "పద పద, షాపు తెరవాలి" అనడం. అంత పాత మఠాన్ని గుటుక్కున మింగేసి వచ్చేవాళ్లం. ఈసారి తీరిగ్గా చూస్తాను. నీ దగ్గరికి రావాలో వద్దో తిరిగొచ్చాక చెప్తాను.

ప్రేమతో,
మీ వదిన

ప్రియమైన వదినకు,

నీకేమైనా మతి పోయిందా? లారీలు తిరిగే రోడ్డది! పడితే లేపే దిక్కెవరు?

ఇక్కడికొస్తే సాయంత్రాలు ఇద్దరం మేడ మీద కూర్చోవచ్చు. రోజంతా ల్యాబ్‌లో రక్తం సీసాలతో గడిపి ఇంటికొచ్చేసరికి ఎవరితోనైనా మాట్లాడాలని మనసు పీకేస్తుంది. మా ఆయన ఓడ ఈసారీ ఆలస్యమట. అలవాటు కొద్దీ ఇద్దరికీ వండేసి, మర్నాడు కూడా అదే తింటున్నాను. నీ గదికి నీలం కర్టెన్లు తగిలించాను. నా మాట విని వెళ్లకు.

నీ మరదలు

వదినా,

వారం దాటింది. నీ ఫోన్ మోగడం లేదు, జవాబూ లేదు. పడ్డావా? నా మీద అలిగావా? ఒక్క ముక్క రాయి, చాలు.

నీ మరదలు

ప్రియమైన మరదలు పిల్లకు,

పడలేదు. నా ఫోనే పడింది. వంతెన మీద ఆగి ఫొటో తీయబోతే ఏటి పాలైంది. ఇంకా కొత్తది కొనలేదు.

తెల్లవారగానే బయల్దేరాను. దారిలో చైన్ ఊడితే, కళ్లజోళ్లకు మరలు బిగించే చేతులు కదా, నేనే ఎక్కించుకున్నాను. కొండ ఎక్కేచోట దిగి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాను. ఎవరో తరుముతున్నారా ఏమిటి?

మఠం గడప నట్టనడుమ అరిగి పల్లంగా ఉంది. ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ చూడలేదు. ఎన్ని వందల ఏళ్ల కాళ్లో! లోపల ఊడుస్తున్నావిడ అడిగింది, "ఎవరితో వచ్చారమ్మా?"

"ఎవరితోనూ రాలేదండీ, నేనే వచ్చాను" అన్నాను. ఆ మాట అన్నాక గుండె బరువెక్కుతుందనుకున్నాను. ఎక్కలేదు. పైగా ఆకలేసింది!

స్తంభానికి ఆనుకుని, తెచ్చుకున్నది తిని, నీ ఉత్తరం మళ్లీ చదివాను. మేడ మీద సాయంత్రాలు, ఇద్దరికీ వంట, నీలం కర్టెన్లు. అందులో నా ఒంటరితనం ఎక్కడుందే? నీకేమైంది? ఇది ఎలా అడగాలో తెలియక ఇన్నాళ్లూ రాయలేదు.

నేను మకాం మార్చను. షాపు బాగా నడుస్తోంది, నేనూ బాగున్నాను. నువ్వే కొన్నాళ్లు సెలవు పెట్టి రా. దాచింది చాలు.

మీ వదిన

ప్రియమైన వదినకు,

ఆయన ఓడ ఎప్పుడో ఒడ్డుకు చేరింది. ఆయనే ఇంటికి చేరలేదు. వేరే ఊళ్లో వేరే ఇల్లు పెట్టుకున్నారు. నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు. నేనే ఎవరికీ చెప్పలేదు. నువ్వొచ్చి ఇంట్లో ఉంటే, నా సంగతి బయటపడకుండా, నీకు తోడుగా ఉన్నానని నలుగురికీ చెప్పుకోవచ్చు అనుకున్నాను.

నీ ఉత్తరం చదివి వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఏడ్చాక ఒక్కదానికే వండుకున్నాను. కడుపునిండా తిన్నాను.

సెలవు దొరికింది. ఆదివారం బస్సులో దిగుతున్నాను. నాకూ సైకిల్ నేర్పు. కొన్నాళ్లు సీటు గట్టిగా పట్టుకో వదినా. ఆ తర్వాత నాకు చెప్పకుండా వదిలెయ్.

నీ మరదలు